ఏజెంటా, వాల్యుయరా: పుస్తకం కొనే ముందు తేల్చుకోవలసింది

స్థలాల రంగంలోకి రావాలనుకుంటున్న విజయవాడ, గుంటూరు మిత్రులు ఎక్కువగా అడిగే ప్రశ్న: "ఏజెంటు లైసెన్సు పరీక్షకు ఏ పుస్తకం చదవాలండీ?" పరీక్ష ఉంటే గదా పుస్తకం! ఆంధ్రప్రదేశ్‌లో రియల్ ఎస్టేట్ ఏజెంటు కావడానికి పరీక్ష లేదు. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి) చట్టం 9వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ఆన్‌లైన్ దరఖాస్తు, పాన్, ఆధార్, చిరునామా రుజువు, ఆదాయపు పన్ను రిటర్నులు, రుసుము. అంతటితో సరి. ఏజెంట్లకు 20 గంటల శిక్షణ, ఆపైన పరీక్ష తప్పనిసరి అని 2023లో నిర్ణయించింది మహారాష్ట్ర. ఆ వార్త చూసి ఇక్కడ కూడా ఏదో పరీక్ష ఉందనుకునేవారు చాలామంది. "రెరా లైసెన్సు కోర్సు" అంటూ మీ దగ్గర ఎవరైనా ఫీజు అడిగితే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. వాళ్లు చెప్పే పాఠం పనికి రావచ్చు గానీ, వాళ్లిచ్చే కాగితం రిజిస్ట్రేషన్ కాదు.

ఇంకొకటి. ఈ రిజిస్ట్రేషన్ ఒక్క రాష్ట్రం వరకే చెల్లుతుంది. పోరంకిలో ప్లాట్లు, హైదరాబాదులో ఫ్లాట్లు కలిపి అమ్మి పెడదామనుకుంటే తెలంగాణలో విడిగా నమోదు కావాలి. నమోదు లేకుండా రెరా ప్రాజెక్టులో అమ్మకం కుదిర్చితే రోజుకు 10,000 రూపాయల చొప్పున, ఆ ప్లాటు లేదా ఫ్లాటు ఖరీదులో 5 శాతం దాకా జరిమానా పడుతుందని 62వ సెక్షన్ చెబుతోంది. మన ఊళ్లలో దీన్ని పట్టించుకునే మధ్యవర్తులు ఎందరో మీకే తెలుసు.

మరి పరీక్ష ఉన్న దారి ఏది? ఆస్తులకు విలువ కట్టే వాల్యుయర్ దారి. నేను రాసింది రిజిస్టర్డ్ వాల్యుయర్ పరీక్ష, భూమి-భవనాల విభాగం. 2013 కంపెనీల చట్టం 247వ సెక్షన్, 2017 అక్టోబరులో వచ్చిన నిబంధనలు దీనికి ఆధారం. నిర్వహణ బాధ్యత దివాలా వ్యవహారాలు చూసే కేంద్ర బోర్డు ఐబీబీఐది. దీనికి అర్హత అడ్డు ఉంది. సివిల్ ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్, టౌన్ ప్లానింగ్‌లలో ఒక డిగ్రీ, ఆపైన 5 ఏళ్ల అనుభవం ఉండాలి. సంబంధిత పీజీ ఉంటే 3 ఏళ్లు చాలు. డిప్లొమాతో ఆగినవారికీ, ఎంబీఏ, బీకాం వారికీ ఈ విభాగంలో చోటు లేదు. కాబట్టి చాలామందికి దారి ఎంచుకునే పని లేదు, చదువే తేల్చేస్తుంది. రెండు దారులూ తెరిచి ఉన్న సివిల్ పట్టభద్రులకే అసలు చిక్కు.

నా సంగతీ అదే. మా పెదనాన్న కంకిపాడు, ఉయ్యూరు వైపు పొలాల బేరాలు కుదర్చడంలో చేయి తిరిగిన మనిషి. ఆయన వెంట తిరిగితే ఏడాదిలో నాలుగు డబ్బులు కళ్లజూడవచ్చని ఇంట్లో అందరి మాట. నేను వాల్యుయర్ సంగతి చెబితే ఆయన అడిగింది ఒక్కటే.

"బేరం కుదరకపోయినా నీకు ఫీజు ఇస్తారా?"

"ఇస్తారు పెదనాన్నా. కుదిరినా అంతే, కుదరకపోయినా అంతే."

"అయితే అది వేరే వృత్తిరా. మాది కుదిరితేనే కూడు."

ఈ రెండు పనుల తేడా ఇంతకంటే సూటిగా నాకు ఏ తరగతిలోనూ ఎవరూ చెప్పలేదు. ఏజెంటు బతికేది కమీషను మీద. ఒక శాతమో రెండు శాతమో, అమ్మకం జరిగితేనే. వాల్యుయర్ల ప్రవర్తనా నియమావళి అలాంటి ఫలితాన్ని బట్టి ఇచ్చే ఫీజును నిషేధించింది. అంతేకాదు, మీరు విలువ కట్టే ఆస్తిలో అంతకుముందు 3 ఏళ్లలో గానీ, విలువ కట్టాక 3 ఏళ్లలో గానీ మీకు ప్రత్యక్షంగా, పరోక్షంగా ఏ ప్రయోజనమూ ఉండకూడదని 247వ సెక్షనే అంటోంది. ఉదయం విలువ కట్టి సాయంత్రం అదే స్థలం అమ్మి పెడతానంటే కుదరదు. "రెండూ చేసుకోవచ్చులే" అని చెప్పేవారి మాట నమ్మకండి. నాకు అమ్మకం ఒత్తిడి సరిపడదని తెలుసు కాబట్టి ఇటు వచ్చాను. మనుషులతో మాట కలపడం, ఇద్దరినీ ఒక ధర దగ్గరికి తీసుకురావడం మీకు సరదా అయితే ఏజెంటుగానే వెళ్లండి. అది చిన్న పని ఏమీ కాదు.

ఇటు వచ్చేవారికి వరుస ఇలా ఉంటుంది: ఐబీబీఐ గుర్తించిన వాల్యుయర్ల సంస్థల్లో ఒకదానిలో సభ్యత్వం, వాళ్లు నడిపే 50 గంటల కోర్సు, ఆ తర్వాత కంప్యూటర్ మీద పరీక్ష. సంస్థను ఎంచుకునేటప్పుడు ఫీజు ఒక్కటే చూడకండి. పాఠాలు చెప్పేవారిలో రోజూ నివేదికలు రాసేవారు ఎందరున్నారో కనుక్కోండి. పుస్తకం చదివి వినిపించే తరగతులు నేను కూడా కూర్చుని విన్నాను. ఆ సమయంలో పుస్తకం నేనే రెండుసార్లు చదువుకోగలిగేవాణ్ని.

సిలబస్ చూడగానే సివిల్ వాళ్లకు ఒక ధీమా వస్తుంది. భవనం ఖర్చు లెక్క, తరుగుదల, మిగిలిన ఆయుష్షు, ఇవన్నీ మన చేతిలో పనే గదా అని. ఆ భాగం నిజంగా తేలికే. మన వాళ్లను ముంచేది చట్టాలు. ఆస్తి బదిలీ చట్టం 1882, ఈజ్‌మెంట్ల (ఇతరుల స్థలం మీద దారి వంటి హక్కుల) చట్టం 1882, రిజిస్ట్రేషన్ చట్టం 1908, భూసేకరణ చట్టం 2013, రెరా, దివాలా స్మృతి 2016, ఇంకా కొన్ని. సెక్షన్ నంబర్లు బట్టీ పడితే మర్నాటికి ఒక్కటీ నిలవదు.

నేను చేసిన పని చెబుతాను. గుంటూరులో మా ఇంటి దస్తావేజు బీరువాలోంచి తీసి ముందు పెట్టుకున్నాను. షెడ్యూలులో నాలుగు హద్దులు. తూర్పున పక్కవారి దొడ్డి, దక్షిణాన మునిసిపాలిటీ బజారు, పడమర ఇంకొకరి గోడ, ఉత్తరాన "ఉమ్మడి నడవ". ఆ ఉమ్మడి నడవ దగ్గర ఆగాను. దాంట్లోంచి నడిచే హక్కు ఎవరిది, ఎక్కడి నుంచి వచ్చింది, అడ్డు గోడ కడితే ఏమవుతుంది? ఈజ్‌మెంట్ల చట్టం తెరిస్తే అడ్డు లేకుండా, బహిరంగంగా, హక్కుగా 20 ఏళ్లు వాడుకుంటే ఆ హక్కు స్థిరపడుతుందని ఉంది. ఆ 20 నేను మళ్లీ మర్చిపోలేదు. అదే దస్తావేజులో లింకు డాక్యుమెంట్ల (అంతకుముందు చేతులు మారినప్పటి పత్రాల) వరుస చూస్తే మధ్యలో మా తాతగారి అన్నదమ్ముల భాగపరిష్కారం కనిపించింది. వారసత్వం గురించి, తప్పనిసరి రిజిస్ట్రేషన్ సంగతి చెప్పే రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ గురించి అక్కడ చదివాను. ఈసీ (ఆస్తి మీద ఉన్న లావాదేవీలు, తనఖాలు చూపే ధ్రువపత్రం) పక్కన పెట్టుకుని ఆస్తి బదిలీ చట్టంలో తనఖా గురించిన 58వ సెక్షన్ చదివాను. పవర్ ఆఫ్ అటార్నీ మీద అమ్మకం అనే మన ఊళ్ల పాత అలవాటుకు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పిందో తప్పక చదవండి. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) అమ్మకంతో యాజమాన్యం చేతులు మారదు. ఏజెంటుగా వెళ్లేవారికి కూడా ఇది ప్రాణాధారం.

విలువ కట్టే పద్ధతులు మూడే: మార్కెట్, ఆదాయం, ఖర్చు. ఆదాయ పద్ధతిలో ఒక చిన్న లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే పరీక్షలోనూ పనిలోనూ జారిపడే చోటు ఇదే. ఒక దుకాణానికి నెల అద్దె 40,000 అనుకుందాం. ఏడాదికి 4,80,000. పన్నులు, మరమ్మతులు, ఖాళీగా ఉండే నెలలు కలిపి 20 శాతం తీసేస్తే మిగిలేది 3,84,000. దీన్ని 6 శాతం రాబడి రేటుతో భాగిస్తే విలువ 64 లక్షలు. 8 శాతం తీసుకుంటే 48 లక్షలు. గోడలు, అద్దె, అద్దెదారు ఏవీ మారలేదు. రేటు రెండు శాతం జరిగితే 16 లక్షలు పోయాయి. అందుకే ప్రశ్నలో రేటు ఇచ్చారా, ఇతర అమ్మకాల నుంచి మీరే రాబట్టాలా అన్నది ముందు చూసుకోవాలి. ఇచ్చిన అద్దె మొత్తం అద్దెనా, ఖర్చులు పోగా మిగిలినదా అన్నది రెండోది.

మార్కెట్ పద్ధతికి మన ప్రాంతం కంటే మంచి ప్రయోగశాల లేదు. ఇక్కడ ప్రతి టీ దుకాణం దగ్గరా ఒక లెక్క వినిపిస్తుంది: గజం ఇంత, ఎకరానికి 4,840 గజాలు, గుణించు. ఆ గుణకారమే తప్పు. పెద్ద విస్తీర్ణానికి చిన్న ప్లాటు ధర నేరుగా అంటగట్టకూడదని 1988 నాటి చిమన్‌లాల్ హరగోవిందదాస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు విడమరిచి చెప్పింది. రోడ్లకు, పార్కుకు పోయే స్థలం, లేఅవుట్ ఖర్చు, అమ్ముడుపోయే దాకా పట్టే కాలం, వ్యాపారి లాభం, అన్నీ తీసేయాలి. ఈ తీర్పును అమరావతి భూసమీకరణ పక్కన పెట్టుకుని చదివితే బాగా బుర్రకెక్కుతుంది. రాజధాని కోసం ఎకరం మెట్ట ఇచ్చిన రైతుకు 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం తిరిగి ఇస్తామన్నారు. జరీబు (నీటి వసతి ఉన్న సారవంతమైన భూమి) అయితే వాణిజ్య స్థలం 450 గజాలు. వీటికి తోడు పదేళ్ల కౌలు. 4,840 గజాలు ఇచ్చి 1,250 గజాలు పుచ్చుకోవడం ఏ పరిస్థితిలో లాభం, ఏ పరిస్థితిలో నష్టం? అభివృద్ధి జరిగే కాలాన్ని మార్చి మార్చి ఒక కాగితం మీద లెక్క వేయండి. నాకు ఏ గైడూ ఇవ్వని సాధన దీంతో దొరికింది.

పర్యావరణం భాగాన్ని చాలామంది చివరికి నెట్టేస్తారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ సింగ్ నగర్ వైపు ఇళ్లను ముంచెత్తింది కదా. ఆ ఆగస్టులో జరిగిన అమ్మకాన్ని డిసెంబరు నివేదికలో పోలికగా వాడుకోవచ్చా? వాడితే ఎంత సర్దుబాటు? ఇలా ప్రశ్న వేసుకుంటే ఆ భాగం దానంతటదే చదివిస్తుంది.

సర్దుబాట్ల విషయంలో ఒక తమాషా. పుస్తకాల్లో మూల ప్లాటుకు ఎక్కువ, లోపలికి సన్నగా సాగే స్థలానికి తక్కువ. అలాంటి స్థలాన్ని పట్టీలుగా విభజించి మొదటి దానికి పూర్తి ధర, రెండో దానికి మూడింట రెండు వంతులు, మూడో దానికి సగం కట్టే పద్ధతి కూడా ఉంది. విజయవాడ వన్‌టౌన్ పాత బజార్లలో నడిస్తే అది ఎందుకో కంటికే కనిపిస్తుంది. వీధిపోటు మాత్రం సిలబస్‌లో లేదు. మన దగ్గర వీధిపోటు ఉన్న ప్లాటు ముఖం చూడని కొనుగోలుదారులున్నారు, ఈశాన్యం పెరిగిందంటే ఎక్కువ ఇచ్చేవారూ ఉన్నారు. వాస్తును మీరు నమ్మినా నమ్మకపోయినా, కొనేవాడు నమ్మితే అది ధరలోకి వచ్చేసినట్టే. పరీక్షలో దీన్ని రాయవద్దు, ఉద్యోగంలో మరవవద్దు.

కొలతల దగ్గర జాగ్రత్త. మనం గజాల్లో, సెంట్లలో ఆలోచిస్తాం. ప్రశ్న చదరపు మీటర్లలో వస్తుంది. సెంటు అంటే 48.4 గజాలు, గజం అంటే 0.836 చదరపు మీటర్లు, హెక్టారు అంటే 2.47 ఎకరాలు. ఇవి వేళ్ల కొసన ఉండాలి.

ఇక మార్కుల లెక్క. 100 మార్కులు, 2 గంటలు, గట్టెక్కడానికి 60 శాతం, తప్పుకు ఆ ప్రశ్న మార్కుల్లో నాలుగో వంతు కోత. కోత అనగానే తెలియని ప్రశ్న ముట్టుకోవద్దని శిక్షకులు భయపెడతారు. లెక్క వేసి చూడండి. నాలుగు జవాబులున్న 16 ఒక మార్కు ప్రశ్నలకు కళ్లు మూసుకుని గుర్తిస్తే సగటున 4 సరి, 12 తప్పు. 4 వస్తాయి, 3 పోతాయి, ఒకటి మిగులుతుంది. రెండు జవాబులు కాదని తేల్చుకోగలిగితే 8 సరి, 8 తప్పు, మిగిలేది 6. కాబట్టి ఒక్క జవాబునైనా కొట్టేయగలిగిన ప్రశ్నను వదిలేయడం దండగ. గంటలో సగం తినేసే పెద్ద లెక్కను వదిలేయడం మాత్రం తెలివే. దానికి పెట్టే సమయంలో చట్టాల మీద పది ప్రశ్నలు అయిపోతాయి. అన్నిటికంటే ఎక్కువ మార్కులుండే కేస్ స్టడీ ప్రశ్నలను అలసిపోకముందే పట్టుకోండి.

పాసైన తర్వాత చేతులు కట్టుకు కూర్చుంటే నష్టం. ఉత్తీర్ణులైన 3 ఏళ్లలోపు రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయాలి, లేకపోతే మళ్లీ రాయాలి. దరఖాస్తు మీ సంస్థ ద్వారానే ఐబీబీఐకి వెళుతుంది. రిజిస్ట్రేషన్ వచ్చినంత మాత్రాన బ్యాంకులు పిలిచి పని ఇవ్వవు. వాళ్ల ప్యానెళ్లు వేరు, వాటి షరతులు వేరు. పరీక్షకు చదువుతున్నప్పుడే ఎవరైనా సీనియర్ వాల్యుయర్ వెంట తనిఖీలకు వెళ్లడం మొదలుపెట్టండి. టేపు పట్టుకోవడం, హద్దులు సరిచూడడం, పక్కింటివారిని ఒప్పించి అద్దె ఎంతో చెప్పించడం అక్కడే అబ్బుతాయి.

డిగ్రీ అడ్డు వల్ల, లేదా ఇష్టం వల్ల, ఏజెంటుగానే వెళ్లేవారికి: పరీక్ష లేదని చదువు మానకండి. రెరా చట్టంలో మీరు చదవవలసింది కొంచెమే. కార్పెట్ ఏరియా నిర్వచనం, ఏ ప్రాజెక్టుకు నమోదు తప్పనిసరో చెప్పే 3వ సెక్షన్ (500 చదరపు మీటర్లు, 8 ఫ్లాట్లు అనే హద్దులు అక్కడివే), 70 శాతం డబ్బు విడి ఖాతాలో ఉంచాలనే నిబంధన, ఏజెంటు విధులు చెప్పే 10వ సెక్షన్, రాతపూర్వక ఒప్పందం లేకుండా 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదనే 13వ సెక్షన్, నిర్మాణ లోపాలకు 5 ఏళ్ల బాధ్యత పెట్టే 14వది, ఆలస్యానికి వడ్డీ ఇప్పించే 18వది. వీటికి తోడు 22-ఏ (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల) నిషేధిత జాబితా, అసైన్డ్ భూముల బదిలీని నిషేధించిన 1977 చట్టం. ఇవన్నీ ఒక ఆదివారం మధ్యాహ్నం పని. కేంద్ర చట్టాల పాఠం ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది.