వీవర్ కట్టిన లెక్క

ఇళ్ల విషయంలో జాతి వివక్షను ఆపే ప్రభుత్వ సలహాదారు రోజూ చేసే పనేమిటని మన బడి జూనియర్లు కొందరు అడుగుతుంటారు. అందులో ఒక ముఖ్యమైన భాగం కాంట్రాక్టు కాగితాల్లో వాక్యాలు రాయడం. ఆ వాక్యం నిలబడాలంటే ఏం కావాలో అమెరికాలో ఆ పని చేసిన నల్లజాతి అధికారి రాబర్ట్ వీవర్ జీవితం చూస్తే తెలుస్తుంది. మన పూర్వ విద్యార్థుల పత్రిక సంచికకు తగిన సంగతి ఇంకొకటి: వీవర్, ఆయనతో కలిసి పనిచేసిన లాయరు విలియం హేస్టీ ఇద్దరూ వాషింగ్టన్‌లో నల్లజాతి పిల్లలకు వేరుగా పెట్టిన డన్‌బార్ హైస్కూల్ పూర్వ విద్యార్థులే.

1907లో పుట్టిన వీవర్ చదువుకునే రోజుల్లోనే ఎలక్ట్రీషియన్ పని నేర్చారు. నల్లవాడని కార్మిక యూనియన్ చేర్చుకోలేదు. తర్వాత హార్వర్డ్‌లో ఆర్థికశాస్త్రంలో డాక్టరేట్‌కు చదివి, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రభుత్వంలో మంత్రి హెరాల్డ్ ఇకిస్ శాఖలో సలహాదారుగా కుదురుకున్నారు.

అప్పుడు ప్రభుత్వం పేదలకు ఇళ్లు కట్టిస్తోంది. కూలీల విషయంలో వివక్ష చూపరాదని నిబంధన ఉంది, కానీ పనిచేయలేదు. నల్లజాతి మేస్త్రీలు ఎవరూ రాలేదని కాంట్రాక్టర్ అంటే, కాదని రుజువు చేసేదెవరు? వీవర్, హేస్టీ ఆ భారాన్ని తిప్పేశారు. 1930 జనాభా లెక్కల్లో ఆ ఊళ్లో నైపుణ్యం ఉన్న పనివాళ్లలో నల్లవారి వాటా ఎంతో చూసి, దాన్నిబట్టి నైపుణ్యపు కూలి మొత్తంలో నల్లవారికి ముట్టాల్సిన కనీస శాతం నిర్ణయించారు. అంతకన్నా తక్కువ ముట్టితే వివక్ష జరిగినట్టే లెక్క. జరగలేదని కాంట్రాక్టరే చూపించుకోవాలి. తలల లెక్క కాకుండా కూలి డబ్బు లెక్క పెట్టడంలోనే తెలివంతా ఉంది. తనిఖీ రోజున నలుగురిని నిలబెట్టి మర్నాడు పంపించేస్తే తలల లెక్క సరిపోతుంది, జీతాల పట్టీ సరిపోదు.

లోపం కూడా అక్కడే ఉంది. యూనియన్లు గెంటేసిన తర్వాత మిగిలిన వాటానే జనాభా లెక్కల్లో కనిపించేది. కాబట్టి ఆ శాతం ఉన్నదాన్ని కాపాడింది గానీ పెంచలేదు. పైగా కట్టిన ఇళ్లే వేరువేరు: అట్లాంటాలో టెక్‌వుడ్ హోమ్స్ తెల్లవారికి, యూనివర్సిటీ హోమ్స్ నల్లవారికి.

వీవర్ 1955లో న్యూయార్క్ రాష్ట్ర అద్దె కమిషనర్, 1961లో కేంద్ర గృహ సంస్థ అధిపతి అయ్యారు. ప్రభుత్వ హామీ ఉన్న గృహరుణాల్లో వివక్షను నిషేధిస్తూ 1962 నవంబరులో అధ్యక్షుడు కెనడీ ఇచ్చిన ఉత్తర్వు అప్పటికే కట్టిన చాలా ఇళ్లనూ, హామీ లేని మామూలు బ్యాంకు రుణాలనూ వదిలేసింది. ఉత్తర్వు రాసేవాళ్లు ముందుగా చూడాల్సింది ఇదే: ఎంత శాతం ఇళ్లకు అది వర్తిస్తుంది? 1966 జనవరిలో వీవర్ కొత్త గృహ, పట్టణాభివృద్ధి శాఖకు తొలి మంత్రి అయ్యారు. అమెరికా కేబినెట్‌లో తొలి నల్లజాతి మంత్రి కూడా ఆయనే.

1968 ఏప్రిల్ 11న వచ్చిన ఫెయిర్ హౌసింగ్ చట్టం జాతి, రంగు, మతంతో పాటు పుట్టిన దేశాన్ని కూడా చేర్చింది. అమెరికాలో అద్దె ఇంటికి వెళ్లే తెలుగు కుటుంబానికి అండ అదే. అయితే మొదట్లో ఫిర్యాదు వస్తే శాఖ రాజీ కుదర్చగలిగేది, అంతే. నిజమైన అధికారాలు 1988 సవరణతో గానీ రాలేదు.

ఆ చట్టానికి రుజువు తెచ్చే పద్ధతి జంట పరీక్ష. ఆదాయం, ఉద్యోగం, కుటుంబం ఒకేలా చూపించే ఇద్దరిని, జాతి ఒక్కటే తేడాగా, అదే ఇంటికి పంపుతారు. ఒకరు చూసింది మరొకరికి చెప్పకూడదు. బయటికి రాగానే ఎవరి నోట్సు వారు రాయాలి. ఇద్దరి మధ్య ఎక్కువ వ్యవధి ఉంటే పరీక్ష చెడుతుంది, ఎందుకంటే ఈలోగా ఇల్లు నిజంగానే వేరేవాళ్లకు పోయి ఉండొచ్చు. ఖాళీ లేదని అబద్ధం చెబితే ఇల్లు అక్కర్లేని ఆ పరీక్షకులు కూడా దావా వేయవచ్చని 1982లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. ఈ రంగంలోకి రావాలనుకునే వాళ్లు మొదట నేర్చుకోవాల్సింది ఆ నోట్సు రాయడమే: తేదీ, గంట, అడిగిన అద్దె, చూపించిన ఫ్లాటు నంబరు, అన్న మాటలు అన్నట్టుగా.