పడడం నేర్చుకున్న ఆదివారం

పన్నెండేళ్లు కూచిపూడి అభ్యసించిన నాకు, చెన్నై బెసెంట్ నగర్‌లో నిన్న జరిగిన సమకాలీన నృత్య తరగతిలో మొదటి గంటంతా పడడమే నేర్పించారు. పిక్క, తొడ, పిరుదు, భుజం మీదుగా ఒంటి బరువును వరుసగా నేలకు అప్పగించాలట. నేనేమో అలవాటుకొద్దీ అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్న భంగిమలో, బిగుసుకుని, మోకాలు కమిలేలా కూలబడ్డాను. పడి లేవడాన్నే నృత్యసూత్రంగా మలచినవారు అమెరికన్ నర్తకి డోరిస్ హంఫ్రీ. శ్వాస వదులుతూ పొట్టను లోనికి ముడిచి, పీలుస్తూ విప్పే పద్ధతి అదే దేశపు నర్తకి మార్తా గ్రాహంది. 1972లో అమెరికన్ నర్తకుడు స్టీవ్ ప్యాక్స్‌టన్ ఆరంభించిన, ఒకరి బరువు ఒకరు మోస్తూ అప్పటికప్పుడు అల్లుకునే కాంటాక్ట్ ఇంప్రొవైజేషన్‌లోనైతే ఎదుటివారి వీపే మనకు నేల. ఇదంతా పరాయి విద్య అనుకోనక్కరలేదు. ఈ ఊళ్లోనే స్థిరపడిన నృత్యదర్శకురాలు చంద్రలేఖ 1985లో ‘అంగిక’ అనే నృత్యరూపకం కోసం భరతనాట్యాన్ని యోగతో, కేరళ యుద్ధవిద్య కలరిపయట్టుతో కలిపారు. ఆడేముందు, కాలు మోపుతున్నందుకు భూదేవిని క్షమాపణ అడిగే నాకు, ఒళ్లంతా ఆమెపై వాల్చడానికి ఇంకా బిడియంగానే ఉంది.