మా బీజాపూర్ రోడ్డు మీద మర్రిచెట్ల పంచాయితీ

పోయిన ఆదివారం ఊరికి పోతే అన్నం దగ్గర మళ్లీ అదే లొల్లి. ఒకవైపు మా చిన్నాయన, ఒకవైపు నేను, మధ్యలో మా అమ్మ "ముందు ముద్ద మింగి తర్వాత కొట్లాడుకోండి" అంటోంది. విషయం కొత్తదేం కాదు. హైదరాబాద్ శివార్లలోని అప్పా జంక్షన్ నుంచి చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల బీజాపూర్ రోడ్డు నాలుగు వరసలు కావాలి, ఆ రోడ్డుకు అటూ ఇటూ 900 పైచిలుకు మర్రిచెట్లున్నాయి. రోడ్డు ఉండాల్నా, చెట్లు ఉండాల్నా?

"నువ్వు హైదరాబాద్‌ల కూసొని చెట్లు చెట్లు అంటవు, పొద్దుగాల మూడింటికి ఆ రోడ్డు మీద టమాటా ఏసుకొని పోయేది నేను" అన్నాడు చిన్నాయన. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆయన టాటా ఏస్‌లో మెహదీపట్నం రైతుబజార్‌కు పోతుంటాడు, ఎదురుగా కంకర టిప్పర్లు లైట్లు డిమ్ చేయకుండా వస్తుంటాయి, మధ్యలో డివైడర్ లేదు.

2025 నవంబర్ 3 గురించి మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. సోమవారం తెల్లవారి తాండూరు నుంచి హైదరాబాద్ పోయే ఆర్టీసీ బస్సును మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ గుద్దింది, కంకరంతా బస్సులో పడింది, 19 మంది పోయారు. వాళ్లలో ఆదివారం ఇంటికొచ్చి మళ్లీ కాలేజీకి పోతున్న పిల్లలూ ఉన్నారు. ఆ రోజు సాయంత్రానికే వాట్సాప్ గ్రూపుల్లో చెట్లు కావాలన్నవాళ్లందరినీ తిట్టడం మొదలైంది. ఈ చెట్లు కొట్టొద్దని గ్రీన్ ట్రిబ్యునల్‌లో, అంటే పర్యావరణ కేసులు చూసే కోర్టులో, ఏళ్ల తరబడి నడిచిన కేసు, చాలా చెట్లను ఉన్నచోటే ఉంచి కొన్నిటినే వేరేచోటికి తరలిస్తామనే ఒప్పందంతో కొలిక్కి వచ్చి అప్పటికి కొన్ని రోజులే అయింది. ఆ కేసును సమర్థించినవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి ఆ తిట్లు నాకు కూడా తగిలాయి, తగలాల్సిందే అనుకున్నాను కూడా.

కానీ కోపం తగ్గాక ఒక విషయం చూడాలి. ఆ బస్సు చెట్టును గుద్దుకోలేదు. ఎదురెదురుగా వచ్చే బండ్లను విడదీసే డివైడర్ లేకపోవడం ఆ రోడ్డు అసలు రోగం. మరి 2024 డిసెంబర్‌లో ఆలూరు గేట్ దగ్గర (ఊరి దారి పెద్ద రోడ్డుకు కలిసే చోటును మా వైపు గేటు అంటాం), రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకుంటున్నవాళ్ల మీదికి దూసుకొచ్చి ప్రాణాలు తీసిన లారీ చివరికి ఆగింది ఒక చెట్టుకు గుద్దుకునే.

అట్లని చెట్లు అమాయకమైనవని కూడా నేను అనను. సాయంత్రం సిటీ నుంచి చేవెళ్ల వైపు బండి మీద వస్తే తెలుస్తుంది, ఎండ నేరుగా కళ్లలో పడుతుంది, ఊడల కిందికి రాగానే ఒక్కసారి చీకటి, మళ్లీ ఎండ, ఆ మచ్చల మచ్చల నీడలో గుంత కనపడదు, మన ముందు పోయే లైట్ లేని ట్రాక్టర్ కనపడదు. తారు అంచు విరిగి మట్టిలోకి జానెడు దిగిపోయిన చోట బైకు జారితే పక్కనే మొద్దు. దానికి ఎరుపు తెలుపు రంగులు పూసి వదిలేస్తే భద్రత అయిపోదు. వంద స్పీడులో బండ్లు పోయేలా రోడ్డేసి, తారు అంచుకు రెండడుగుల దూరంలో అడ్డం లేకుండా మొద్దును ఉంచడం నిజంగా ప్రమాదమే.

అందుకే నాకు నచ్చింది ఒక వరస చెట్లను రోడ్డు మధ్యలోకి తెచ్చే ఆలోచన. చెట్లను కదిలించక్కర్లేదు, ఇప్పుడున్న రోడ్డు ఒకవైపు పోయేవాళ్లకు వదిలేసి, ఆ చెట్ల అవతల ఇంకో రెండు వరసలు వేస్తే మర్రిచెట్లే డివైడర్ అవుతాయి, బండ్లు చెట్లను గుద్దకుండా రెండు పక్కలా అడ్డంగా ఇనుప బీమ్ కడితే సరి. ఇది గొప్పగా చెప్పాను. చిన్నాయన చేయి కడుక్కుంటూ "ఆ అవతల భూమి ఎవరిదిరా?" అన్నాడు. మాదే. చేవెళ్ల దగ్గర ఎకరం ఎంత పలుకుతుందో తెలిసినవాళ్లకు ఆ ప్రశ్న బరువు తెలుసు.

ఇంకో వాదన, పోతే పోనీ, కొత్త చెట్లు పెడతారు కదా అని. కేంద్రం 2015లో తెచ్చిన హరిత రహదారుల విధానం ప్రకారం ప్రాజెక్టు ఖర్చులో ఒక శాతం మొక్కలకు పెట్టాలి. బాగుంది. కానీ పెట్టేవి డివైడర్‌లో గన్నేరు, కాగితం పూలు. గన్నేరుకు నేను వ్యతిరేకం కాదు, ఎదుటి లైట్ల వెలుగును ఆపుతుంది, పశువులు ముట్టవు. కానీ యూటర్న్ దగ్గర కత్తిరించకుండా వదిలేస్తే అదే చంపుతుంది. వేరే నాలుగు వరసల రోడ్డు మీద నాకే అయింది, పొద పక్క నుంచి ఇద్దరు బడిపిల్లలు ఒక్కసారి రోడ్డెక్కారు, బ్రేకు వేస్తే నేను పడ్డాను, పిల్లలకు ఏం కాలేదు, నా మోకాలు మాత్రం ఇంకా వానాకాలంలో గుర్తు చేస్తుంది. మొక్క నాటడానికి ఫొటోలు దిగుతారు, కొమ్మ కొట్టడానికి ఎవరూ రారు! గుప్పెడు గన్నేరు పొదలు పెట్టి వందేళ్ల మర్రికి బదులు తీరింది అంటే నేను ఒప్పుకోను.

అన్నం అయ్యాక ఇద్దరం బండి మీద మా గేటు దగ్గరికి పోయాం. చిన్నాయన చెప్పులు విడిచి, తారు అంచు నుంచి చెట్టు మొదలు దాకా అడుగులు వేసి కొలిచాడు. ఆరు అడుగులు, అంతే. "బీమ్ పడుతది" అన్నాడు, నిజంగానే నా వైపు వచ్చినట్టు. నేను సంబరపడేలోపు మళ్లీ ఆయనే, "బీమ్ కడితే నా బండి ఏడ ఆపాలె? టమాటా డబ్బాలు బీమ్ మీది నుంచి ఎత్తాల్నా?" అన్నాడు. మా ఊరి గేటు దగ్గర బండ్లు ఆపడానికి పక్కకు ఒక జాగా ఉండాలని ఇప్పటిదాకా నేనూ ఆలోచించలేదు. ఈ వారం ఆ జాగా ఎక్కడ పెట్టాలన్న దాని మీద కొట్లాడుకుంటున్నాం.