పట్టేసిన భుజం, నీలగిరి తైలం

నాకు షుగర్ ఉంది, యాభై దాటాను, పైగా ఆడదాన్ని. ఫ్రోజెన్ షోల్డర్ ఎక్కువగా వచ్చేది నాలాంటి వాళ్లకేనట. 40 నుంచి 60 ఏళ్ల మధ్య వస్తుంది, షుగర్ ఉన్నవాళ్లకు మిగతావాళ్ల కంటే బాగా ఎక్కువగా వస్తుంది, వస్తే ఓ పట్టాన వదలదు. ఇవన్నీ భుజం పట్టేశాక తెలిసిన సంగతులు.

మొదట్లో మామూలు నొప్పే అనుకున్నాం. తెనాలిలో బళ్లో లెక్కలు చెప్తాను. రోజంతా బోర్డు మీద రాసే చెయ్యి, నొప్పి పుట్టదా అని ఇంట్లో అందరూ అన్నారు. కానీ అలసట నొప్పి పడుకుంటే తగ్గాలి, ఇది పడుకుంటేనే ఎక్కువయ్యేది. కుడి పక్కకు ఒత్తిగిల్లితే చాలు, మెలకువ వచ్చేసేది. ఆ తర్వాత ఒక్కో పనీ చేజారింది. జడ అల్లుకోలేను, కొంగు భుజం మీదకు సర్దుకోలేను, బస్సులో పై కమ్మీ అందుకోలేను. బోర్డు పై సగం వదిలేసి కింద సగంలోనే లెక్కలు చేస్తుంటే వెనక బెంచీ పిల్లలు లేచి నిలబడి రాసుకునేవాళ్లు.

ఎముకల డాక్టర్ ఎక్స్‌రే తీయించారు. అందులో ఏమీ కనపడలేదు. అప్పుడాయన నా మోచెయ్యిని పక్కటెముకలకు ఆనించి పట్టుకుని, ముంజేతిని బయటికి తిప్పబోయారు. గొళ్లెం పెట్టిన తలుపులా అది అక్కడే ఆగిపోయింది. "మీరు కదపలేకపోవడం కాదమ్మా, నేను కదిపినా కదలట్లేదు చూడండి. అదే గుర్తు" అన్నారు. భుజం కండరం చిరిగితే మనం ఎత్తలేకపోయినా ఎదుటివాళ్లు ఎత్తితే సాధారణంగా లేస్తుందట. ఇందులో కీలు చుట్టూ ఉండే పొర మందమై, కుంచించుకుపోతుంది. ముందు నొప్పి, తర్వాత బిగువు, ఆ తర్వాత నెమ్మదిగా సడలడం. అంతా కలిసి ఏడాది నుంచి మూడేళ్లు పట్టొచ్చన్నారు. నొప్పి మరీ ఎక్కువగా ఉందని భుజంలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేశారు. దాంతో నిద్ర పట్టింది గానీ షుగర్ కొన్నాళ్లు ఎగబాకింది. అలా అవుతుందని ముందే చెప్పారు కాబట్టి టెన్షన్ పడలేదు. ఇంట్లో మిషన్‌తో చూసుకుంటూ గడిపాను.

ఆ రోజుల్లోనే మా ఆడపడుచు ఊటీ టూరు నుంచి రెండు సీసాలు తెచ్చింది. ఒకటి నీలగిరి తైలం, రెండోది వింటర్‌గ్రీన్ నూనె. ఆ కొండల మీదకు యూకలిప్టస్‌ను తెల్లవాళ్లు 1843లో తెచ్చి నాటారు. మన వైపు జామాయిల్ తోటలు ఎక్కువగా పేపర్ మిల్లుల కోసమే పెంచుతారు గానీ, అక్కడ ఆకు కాచి నూనె తీస్తారు. "వదినా, ఇది రాస్తే రెండు రోజుల్లో చెయ్యి లేస్తుంది చూడు" అంది. మాట కాదనలేం కదా.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయికి సీసాలు చూపించాను. తీసిపారేయలేదు, పొగడనూ లేదు. "నూనెతో ఆ పొర సడలదు మేడమ్. కానీ రాసుకున్నప్పుడు మీరు బిగబట్టకుండా ఉంటే నా పని తేలికవుతుంది" అంది. నీలగిరి తైలం నేరుగా రాస్తే చర్మం మండి, పొక్కవచ్చట. 50 మిల్లీలీటర్ల నువ్వుల నూనెలో 20 చుక్కలకు మించి కలపొద్దంది.

వింటర్‌గ్రీన్ సీసా సంగతి వేరు. అందులో ఉండేది దాదాపు అంతా మిథైల్ సాలిసిలేట్, మనం రాసుకునే చాలా నొప్పి బామ్‌లలో ఉండేదే. ఒక్క టీ చెంచాడు కడుపులోకి వెళ్తే 20కి పైగా ఆస్పిరిన్ మాత్రలు మింగినంత. చర్మం నుంచి కూడా రక్తంలోకి చేరుతుంది. గుండె కవాటం మార్పించుకున్న మా ఆయన రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నారు. ఆ మందు మీద ఇది పడితే రక్తం మరీ పలచబడి, రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. ఆయనకు మోకాలి నొప్పి వస్తే చేతికందిన సీసా తీసి రాసుకునే అలవాటు. దాన్ని ఇంట్లోంచే తీసేశాను.

ఇక అసలు పని కసరత్తు. వేడి నీళ్ల సంచితో కాసేపు కాపడం పెట్టి, నూనె రాసుకుని మొదలుపెట్టేదాన్ని. ముందు ఊపడం. ఎడమ చెయ్యి బల్ల మీద ఆనించి ముందుకు వంగి, కుడి చెయ్యిని వదిలేసి వేలాడనివ్వాలి. చేతిని తిప్పకూడదు, ఒంటిని కదిపితే దానంతటదే చిన్న చిన్న సున్నాలు చుట్టాలి. చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది గానీ నొప్పెట్టే చెయ్యిని వదిలెయ్యడం చాలా కష్టం. వద్దనుకున్నా భుజం చెవి దాకా లేచిపోయేది. ఆ నీలగిరి ఘాటు గుండెల నిండా పీల్చి వదిలితే గానీ కిందికి దిగేది కాదు. నూనె నాకు చేసిన మేలు అంతవరకే. అదేమీ తక్కువ కాదు.

తర్వాత గోడ. వంటింట్లో ఫ్రిజ్ పక్క గోడకు ఎదురుగా నిలబడి, రెండు వేళ్లతో పైకి పాకించుకుంటూ వెళ్లాలి. చెయ్యి ఆగిన చోట పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ వేసేదాన్ని. కొన్ని వారాలు గీత మీద గీతే పడేది. ఒక్కోసారి పాత గీత కిందే ఆగిపోయి ఏడుపొచ్చేది. "ఏమ్మా, రంగులు వేయించి ఏడాదన్నా కాలేదు, గోడంతా ఈ గీతలేంటి?" అని మా అత్తగారు సణిగేవారు. ఆవిడే పై గీత పడ్డ రోజున పిలిచి అందరికీ చూపించారు.

ఎంత లాగాలో ఆ అమ్మాయి గట్టిగా చెప్పింది. లాగుతున్నట్టు ఉండాలి, పొడిచినట్టు ఉండకూడదు. ఆ సలుపు రాత్రంతా ఉంటే మర్నాడు తగ్గించి చెయ్యాలి. పళ్లు బిగించి చేసిన కసరత్తు వల్ల నష్టమేనంది. నొప్పి దశలో బలవంతంగా లాగితే ఇంకా బిగుస్తుందట. పక్కింటావిడకు తెలిసిన ఒకాయన భుజం మీద మోకాలు పెట్టి లాగేస్తానంటే దండం పెట్టి వచ్చేశాను.

ఇప్పుడు జడ వేసుకుంటున్నాను, కమ్మీ పట్టుకుంటున్నాను. వీపు వెనక్కి మాత్రం కుడి చెయ్యి ఎడమ చెయ్యంత పైకి పోదు. తువ్వాలు రెండు చివరలూ పట్టుకుని వెనక నుంచి లాగే కసరత్తు ఇంకా సాగుతోంది. షుగర్ ఉన్నవాళ్లకు రెండో భుజం కూడా పట్టొచ్చని డాక్టర్ అన్నారు కాబట్టి ఎడమ చేత్తోనూ గోడ పాకిస్తున్నాను. మా ఆడపడుచు వేసవి సెలవులకు మళ్లీ ఊటీ వెళ్తోంది. ఈసారి నీలగిరి తైలం ఒక్కటే తెమ్మని, రెండోది మా గుమ్మం తొక్కించొద్దని ముందే చెప్పాను.