మామ్మ లేసు, మలయాళీ టీచరు లెక్కలు

పోయిన ఆదివారం మా అమ్మాయిని రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్ళాను. గోదావరి గట్టు దగ్గరే, చిన్నది, రేవుకి వెళ్ళేవాళ్ళు చాలామంది అదక్కడ ఉందని కూడా తెలియకుండా దాటిపోతుంటారు. మా అమ్మాయికి పన్నెండేళ్ళు, ఎప్పుడూ ఏదో ఒక బొమ్మ వేస్తూనే ఉంటుంది. ఒక బొమ్మ ముందు చాలాసేపు నిలబడిపోయి, "అమ్మా, ఈయనకి ఎవరు నేర్పారు?" అని అడిగింది.

అప్పుడు మొదలుపెట్టి బస్సు ఎక్కేదాకా చెబుతూనే ఉన్నాను. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన ప్రిన్సిపాల్‌గా ఉండేవారు. ఆయనే బొమ్మలు వేసేవారు, రాసేవారు. రామారావులో ఉన్నదేమిటో ముందు కనిపెట్టింది ఆయనే. ఆ కుర్రాణ్ణి బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి పంపించారు. అడివి బాపిరాజు గారు కూడా ఆయన శిష్యులే. ఇంకొకరైతే బొంబాయిలోనే స్థిరపడేవారు, రామారావు మాత్రం తిరిగొచ్చి రాజమండ్రిలో చిత్రకళ నేర్పే బడి పెట్టారు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా బొమ్మలు వేసేవారు. 1925లో మశూచి వచ్చి ఆయన పోయారు, అప్పటికి 28 ఏళ్ళు కూడా నిండలేదు. బడి అక్కడితో మూతపడకుండా స్నేహితుడు వరదా వెంకటరత్నం గారు నడిపారు. మా అమ్మాయి అంతా విని, "అయితే ఆ ప్రిన్సిపాల్‌గారి విగ్రహం ఎక్కడుంది?" అంది. ఆ ప్రశ్న దగ్గరే నేను ఆగిపోయాను.

కాటన్ దొర విగ్రహాలు మన కాలవ గట్ల మీద ఎన్నున్నాయో అందరికీ తెలుసు. ఉండాలి కూడా. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి కాకపోతే ఈ రోజు మనం తినే అన్నం లేదు. గోదావరి స్నాన సంకల్పంలో ఆయన పేరు తలుచుకునే పురోహితులున్నారు. ఆయన పక్కన నిలబడి పని చేయించిన వీణెం వీరన్న గారి పేరు కూడా అంతే గట్టిగా తలుచుకోవాలని నా కోరిక, అది ఇంకోసారి రాస్తాను. ఆనకట్ట కంటికి కనిపిస్తుంది. పాఠం కనిపించదు, అది నేర్చుకున్నవాళ్ళ చేతుల్లోకి వెళ్ళిపోతుంది. అందుకే పాఠం చెప్పినవాళ్ళని మనం త్వరగా మర్చిపోతాం అనిపిస్తుంది.

మా మామ్మ చేతుల్లో అలాంటి పాఠమే ఒకటి ఉండేది. మాది నరసాపురం పక్క ఊరు. మధ్యాహ్నం వంటయ్యాక అరుగు మీద కూర్చుంటే, దారం ఉండ ఒళ్ళో, కొక్కెం సూది చేతిలో, నోటితో మాట్లాడుతూనే ఉండేది, చెయ్యి దాని పని అది చేసుకుపోయేది. ఈ లేసు అల్లిక పందొమ్మిదో శతాబ్దంలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీల వల్ల మన దగ్గరకి వచ్చింది. మొదట నేర్చుకున్నది కొత్తగా క్రైస్తవంలోకి వెళ్ళిన మాల, మాదిగ ఆడవాళ్ళు. వాళ్ళ దగ్గర మొదలైన పనే తర్వాత అన్ని కులాల ఇళ్ళలోకీ, గడప దాటని ఆడవాళ్ళ చేతుల్లోకీ పాకింది. నరసాపురం లేసు గురించి గొప్పగా చెప్పుకునేవాళ్ళు ఈ మాట ఎందుకో మింగేస్తారు, నాకది నచ్చదు. చేతిపని ఒకరు, అతుకుపని ఒకరు, మధ్యలో ఏజెంట్లు. విదేశాల్లో బల్లల మీద పరిచే ఆ గుడ్డలు అల్లినందుకు మా మామ్మకి వచ్చేది ఉప్పూ పప్పూ డబ్బులే.

ఇక మా టీచరు. తొంభైల్లో మన పట్టణాల్లో ఇంగ్లీషు మీడియం బడులు వచ్చిన కొత్తలో కేరళ నుంచి టీచర్లు చాలామంది వచ్చారు, మీలో చాలామందికి ఒక్కరైనా గుర్తుండే ఉంటారు. మా లెక్కల టీచరు కొట్టాయం నుంచి. పేరు రాయడం లేదు, ఆవిడకి ఇష్టం ఉండదు. మేడం అనొద్దు, మా ఊళ్ళో టీచర్ అనే పిలుస్తారు, అలాగే పిలవండి అని మొదటిరోజే చెప్పింది. ఇల్లు వెతుక్కుంటూ మా వీధికి వస్తే ఒక ఇంటాయన "మీరేవుట్లండీ?" అని అడిగాడట. మీ కులమేమిటి అని దానర్థం. ఆవిడకి మన గోదావరి మాట ఏం తెలుసు, ఏం చెబుతారని అడుగుతున్నాడనుకుని "మ్యాథ్స్ అండీ" అంది. ఆయన ఇల్లు ఇవ్వలేదు. బయటివాళ్ళకి ఇవ్వం అన్నాడట. సంగతి విని మా మామ్మ ముందుగది ఖాళీ చేయించి ఇచ్చింది.

ఆరేళ్ళు ఆ గదిలోనే ఉంది. మొదట్లో ఇద్దరికీ భాష కలిసేది కాదు, ఆవిడ మామ్మ పక్కన కూర్చుని లేసు నేర్చుకునేది. ఒకరోజు గుండ్రంగా అల్లే పువ్వు చూస్తూ కుట్లు లెక్కపెట్టింది. మొదటి వరసకి 12, తర్వాత 24, తర్వాత 36. "ఇలాగే ఎందుకు?" అని అడిగితే మామ్మ, తక్కువేస్తే దొప్పలా ముడుచుకుంటుంది, ఎక్కువేస్తే కుచ్చులు పడుతుంది, పన్నెండు పన్నెండు పెంచితేనే బల్లపరుపుగా పడుకుంటుంది అని చెప్పింది. మామ్మకి చదువు రాదు. మర్నాడు టీచరు ఆ లేసు ముక్క క్లాసుకి తెచ్చి బోర్డుకి గుచ్చి, పదో వరసలో ఎన్ని కుట్లు, పది వరసలకీ కలిపి ఎన్ని అని అడిగింది. 120, 660. అంకశ్రేఢి (ప్రతిసారీ ఒకే అంకె చొప్పున పెరిగే వరస) అంటే భయపడి చచ్చే మాకు ఆ రోజు ఒక్కరికీ టెన్షన్ లేదు, ఎందుకంటే ఆ లెక్క రోజూ మా అరుగుల మీద చూస్తున్నదే. ఇంటికొచ్చి మామ్మకి చెబితే మొదట నమ్మలేదు. తర్వాత రెండ్రోజులు కనిపించినవాళ్ళందరికీ చెప్పుకుంది, నా లేసు బడిలో పాఠం చెప్పారంట అని.

సాయంత్రం మా అరుగు మీదే ట్యూషన్, ఆడపిల్లలకి డబ్బులు తీసుకునేది కాదు. నేను ఇంజనీరింగ్‌లో చేరింది ఆవిడ వల్లే. మా నాన్న వద్దంటే ఎదురుగా కూర్చుని, అప్పటికి వచ్చిన గోదావరి తెలుగులో "ఆయ్, పంపాలండి" అని గంటసేపు వాదించింది.

బయటివాళ్ళు అనే మాట దగ్గర ఇంకొకటి కూడా చెప్పాలి. పిఠాపురం ఉమర్ అలీషా గారి గురించి ఎవరైనా మాట్లాడితే "ముస్లిం అయినా తెలుగులో ఎంత గొప్ప పద్యం రాశారో" అంటారు. ఆ "అయినా" ఎందుకండీ? పిఠాపురంలో పుట్టిన మనిషి, పారశీకం నుంచి నేరుగా ఖయ్యాం రుబాయీల్ని తెలుగులోకి తెచ్చిన మనిషి, 1945లో పోయేదాకా తెలుగులో నాటకాలూ పద్యాలూ రాసిన మనిషి. తెలుగు ఆయన సొంత భాష. మంచి మనసుతో మెచ్చుకుంటూనే మనం ఆయన్ని గుమ్మం బయట నిలబెడుతున్నాం.

ఇప్పుడు నాట్లకి బెంగాల్ నుంచి కూలీలు వస్తున్నారు, తాడు పట్టుకుని వరసలో నాటే వాళ్ళ పద్ధతి చూసి మా బాబాయే మెచ్చుకున్నాడు. ఆస్పత్రుల్లో మలయాళీ నర్సులున్నారు. వాళ్ళ పిల్లలు మన బళ్ళలో మన పిల్లల పక్కనే కూర్చుంటున్నారు. వాళ్ళని ఒక్కసారైనా ఇంటికి పిలిచి అన్నం పెట్టామా అని నన్ను నేను అడుగుతున్నాను. నేనైతే పెట్టలేదు. ఈ నెలలో పిలుస్తాను.

రాజమండ్రి నుంచి ఇంటికొచ్చాక టీచరుకి ఫోన్ చేశాను. రిటైరయ్యి కొట్టాయంలోనే ఉంటోంది. వాళ్ళ వీధిలో అమ్మాయిలకి లేసు నేర్పుతోందట, మామ్మ పువ్వే, పన్నెండు పన్నెండు. మామ్మ పోయి పదకొండేళ్ళయింది. కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు. తర్వాత ఆవిడే అడిగింది, "మోళే (అమ్మాయీ), కాలవకి నీళ్ళు వదిలారా?"

లేదు టీచర్, ఇంకా వదల్లేదు అని చెప్పాను.