కరుచుకుపోయిన ఆక్సిజన్ సెన్సార్‌ను ఊడదీయడం, కొత్తది బిగించడం

సముద్రం దగ్గరి ఊళ్లలో కారు ఆక్సిజన్ సెన్సార్ (సైలెన్సర్ పైపులోని పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసేది) మార్చాలంటే కొత్తది బిగించడం చిటికెలో పని. కష్టమంతా పాతది ఊడదీయడంలోనే. అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం వైపు తిరిగే బండ్ల సైలెన్సర్ పైపును ఉప్పుగాలి తినేస్తుంది, సెన్సార్ మర అందులోనే కరుచుకుపోతుంది. మొండిగా తిప్పితే పైపులోని మర కూడా ఊడొస్తుంది.

అసలు మార్చాలో లేదో ముందు తేల్చుకోండి. స్కానర్‌లో పి0135 అనే కోడ్ వస్తే అది ముందు సెన్సార్‌ను (ఇంజిన్‌కు దగ్గరగా ఉండేదాన్ని) వేడిచేసే హీటర్ సర్క్యూట్ తేడా. ఫ్యూజూ, కప్లరూ (సెన్సార్ వైర్లు కలిసే ప్లగ్గు) చూడందే కొత్తది కొనొద్దు. గోదావరి వరదప్పుడు కాజ్‌వేల మీద నీళ్లలో దిగిన బండ్లలో కప్లర్ పిన్నులకు పచ్చటి చిలుము పట్టి ఉంటుంది. నాలుగు వైర్ల సెన్సార్లో ఒకే రంగున్న రెండు వైర్లు సాధారణంగా హీటర్‌వి. మల్టీమీటర్‌తో చూస్తే వాటి మధ్య కొద్దిపాటి ఓమ్‌లు రావాలి, సర్క్యూటే లేనట్టు చూపిస్తే హీటర్ తెగినట్టే. లోపలున్నది జిర్కోనియా పింగాణీ, 300 డిగ్రీలు దాటితేగాని సరిగా పనిచేయదు. అంత వేడి మీద చన్నీళ్లు తగిలితే పగులుతుంది.

ముందురోజు రాత్రే, పైపు చల్లగా ఉన్నప్పుడు, తుప్పు వదిలించే నూనె మర మొదట్లో పట్టించండి. కాలుతున్న పైపు మీద కొడితే మంటే. పొద్దున ఇంజిన్ కాసేపు తిప్పి ఆపి, పైపు ఇంకా వెచ్చగా ఉండగా బ్యాటరీ నెగటివ్ తీసి, కప్లర్ విడదీయండి. చేతికి తొడుగు ఉండాలి. చాలావాటికి 22 మి.మీ. సాకెట్ పడుతుంది, వైరు దూరడానికి పక్కన చీలిక ఉన్నది కావాలి. ఓపెన్ స్పానర్ మూలలు అరగదీస్తుంది. పావు తిప్పు వదలండి, మళ్లీ కొంచెం బిగించండి, నూనె వేయండి, మళ్లీ వదలండి. విసుగొచ్చినా ఇదే పద్ధతి. అప్పటికీ కదలకపోతే, ఎలాగూ పారేసేదే కాబట్టి, పాత వైరు కోసేసి రింగ్ స్పానర్ వేయండి.

పైపు మర సాధారణంగా 18 మి.మీ. వ్యాసం, 1.5 మి.మీ. పిచ్ (మర చుట్ల మధ్య దూరం). ఆ కొలత ట్యాప్‌కు (మర కోసే పనిముట్టుకు) గ్రీజు పూసి తిప్పితే తుప్పురజను పైపులో రాలకుండా దానికే అంటుకుంటుంది.

కొత్త సెన్సార్ మరకు కంపెనీ పూత ఉంటే ఇంకేమీ రాయొద్దు. లేకపోతే సెన్సార్ల కోసమే చేసిన యాంటీసీజ్ (మర కరుచుకోకుండా పూసే పేస్టు) రాయండి, అదీ మరకు మాత్రమే, కొనకు తగలకుండా. వాషర్ ఆనేదాకా చేత్తో తిప్పి, ఆ తర్వాత టార్క్ రెంచితో 40 నుంచి 50 న్యూటన్ మీటర్లు. మీ కారు మాన్యువల్ వేరే అంకె చెబితే అదే ఖాయం.

కప్లర్లో గ్రీజు, క్లీనర్ స్ప్రే కొట్టొద్దు. వైర్లు అతికి టంకం వేయొద్దు. పొగతో పోల్చుకోవడానికి కావలసిన బయటి గాలిని చాలా సెన్సార్లు వైరు లోపలి సందుల్లోంచే తీసుకుంటాయి. అది మూసుకుంటే కొత్త సెన్సారే తప్పు చెబుతుంది. పైపు జాయింట్లకు మామూలు సిలికాన్ పేస్టు కూడా వాడొద్దు, దాని ఆవిరి కొనను పాడుచేస్తుంది.

ఇంజిన్ వేడెక్కాక, నాలుగు వైర్ల ముందు సెన్సార్ వోల్టేజి 0.1 వోల్టుకీ 0.9 వోల్టుకీ మధ్య చకచకా ఊగాలి. అయిదు వైర్ల వైడ్‌బ్యాండ్ రకం సెన్సార్‌కు ఈ లెక్క చెల్లదు. వోల్టేజి కిందనే అతుక్కుపోతే సెన్సార్‌ను అనుమానించేముందు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ పొగ బయటికొచ్చే మొదటి పైపు) గ్యాస్కెట్ చూడండి. అక్కడ సందుంటే బయటి గాలి చొరబడుతుంది, సెన్సార్ పెట్రోలు చాలట్లేదని చెబుతుంది, ఇంజిన్ పెట్రోలు ఇంకా పోస్తుంది. గ్యాస్కెట్ మార్చకుండా ఎన్ని సెన్సార్లు వేసినా అదే అంకె వస్తుంది.