మనస్లును ఎడమవైపు ఉంచుకొని

గుడిలో దేవుణ్ణి కుడిచేతి వైపు ఉంచుకొని తిరగాలని నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. అమ్మ కొంగు పట్టుకొని తిరిగిన వయసులోనే కాళ్ళకు అది తెలిసిపోయింది. అందుకే నేపాల్‌లోని మనస్లు పర్వతం చుట్టూ ఉన్న నడకదారిని మొదటిసారి పటం మీద వేలితో గీస్తూ పోయినప్పుడు నా వేలు ఒకచోట ఆగింది. తూర్పున బుఢీ గండకీ లోయలో బయలుదేరి, ఉత్తరాన లార్క్యా లా అనే కనుమ దాటి, పడమటి వైపు మర్స్యాంగ్దీ లోయలోకి దిగే ఆ దారిలో పర్వతం మొదటి అడుగు నుంచి చివరి అడుగు దాకా ఎడమవైపే ఉంటుంది. కైలాసం చుట్టూ హిందువులూ బౌద్ధులూ కుడివైపు కొండను పెట్టుకొనే తిరుగుతారు. మరి ఇక్కడ దాదాపు అందరూ అప్రదక్షిణంగా ఎందుకు నడుస్తున్నారు? ఈ ప్రశ్న పద్నాలుగు రోజులూ నాతోనే నడిచింది.

జవాబు శరీరంలో ఉంది. పడమటి వైపున చివరి మజిలీ బిమ్థాంగ్ సుమారు 3,700 మీటర్ల ఎత్తులో ఉంటే, కనుమ 5,106 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ రెండింటి మధ్య ఊరు లేదు, సరిగా తల దాచుకునే చోటు లేదు. అటు నుంచి వచ్చేవారు ఒకే రోజులో 1,400 మీటర్లు నిటారుగా ఎక్కాలి. తూర్పు వైపున మాత్రం నామ్రుంగ్ 2,630, లో 3,180, సామాగావ్ 3,530, సామ్‌దో 3,875, ధర్మశాల 4,460 మీటర్లు అన్నట్టు ఊళ్ళూ మజిలీలూ మెట్లలా అమరి ఉన్నాయి. ఒక్కొక్క మెట్టు మీద ఒక రాత్రి నిద్రపోతూ, పలచబడే గాలికి ఒంటిని మెల్లగా అలవాటు చేసుకోవచ్చు. పొరుగున ఉన్న అన్నపూర్ణ చుట్టు దారిని కూడా ఎక్కువమంది ఇదే కారణం వల్ల ఇదే దిశలో నడుస్తారు.

గత అక్టోబరులో నేనూ, నా చిన్ననాటి స్నేహితుడూ హైదరాబాదు నుంచి బయలుదేరాము. మాతో ఒక గైడు, ఒక సహాయక గైడు, ఒక పోర్టరు వచ్చారు. ఇది టిబెట్ సరిహద్దును ఆనుకొని ఉన్న నియంత్రిత ప్రాంతం; విదేశీ ట్రెక్కర్లను 1991 నుంచి మాత్రమే అనుమతిస్తున్నారు. గైడు లేకుండా పర్మిట్ ఇవ్వరు. దానితోపాటు మనస్లు, అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతాల ప్రవేశ పత్రాలు కూడా కావాలి. కాగితాలన్నీ కాఠ్మాండూలోనే సిద్ధమయ్యాయి. మరునాడు జీపులో ఒక పగలంతా కుదుపులు తిని మచ్ఛా ఖోలా చేరేసరికి చీకటి పడింది.

హిమాలయం అనగానే మంచును ఊహించుకొని వెళ్ళేవారికి ఈ మొదటి నాలుగు రోజులు వింతగా అనిపిస్తాయి. మచ్ఛా ఖోలా ఎత్తు సుమారు 900 మీటర్లే. అరటి చెట్లు, చోడి చేలు, ఉక్కపోత, మెడ మీద కారే చెమట. రెండు పక్కలా గోడల్లా నిలబడ్డ కొండల మధ్య బుఢీ గండకీ హోరు ఎంతటిదంటే, పక్కన నడుస్తున్న మనిషితో మాట్లాడాలన్నా గొంతు పెంచాలి. ఇరుకు దారి మీద కంచరగాడిదల గుంపు ఎదురైతే కొండవైపు ఒదిగి నిలబడాలి తప్ప నదివైపు నిలబడకూడదని మా గైడు మొదటి రోజే చెప్పాడు. ఆ వరసలో వచ్చే బియ్యం, గ్యాస్ సిలిండర్లు, నూనె డబ్బాలే పైన మా అన్నం.

ఈ గోర్ఖా జిల్లాలోని బార్పాక్ పరిసరాలలోనే 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రత గల భూకంపం పుట్టింది. కొండచరియలు విరిగి పడి ఈ లోయలో దారి చాలాచోట్ల తుడిచిపెట్టుకుపోయింది. ఇప్పటికీ కొన్ని మలుపుల దగ్గర కొండకు పడ్డ పచ్చి గాయంలాంటి మట్టిచార కనిపిస్తుంది. అక్కడ మా గైడు మాటలు ఆపి, పైకి చూస్తూ, ఒక్కొక్కరినీ విడివిడిగా త్వరగా దాటించేవాడు. మిగతా అంతటా అతని నోట వినిపించే మాట ఒక్కటే: “బిస్తారై, బిస్తారై.” మెల్లగా, మెల్లగా అని.

అవి దశైం రోజులు, అంటే మన దసరా. కింది ఊళ్ళలో పొడవాటి వెదురుగడలు నాలుగు వంచి కట్టిన ఉయ్యాలల మీద పిల్లలు ఆకాశంలోకి ఊగుతున్నారు. నుదుటి నిండా బియ్యం, పెరుగు, కుంకుమ కలిపిన టీకా పెట్టుకున్న ఒక ముసలావిడ మాకూ పెట్టి పంపింది. ఇంటిదగ్గర జమ్మి ఆకు చేతిలో పెట్టే వేళకు నేను ఆ టీకాతో జగత్ చెక్‌పోస్టు దగ్గర వరసలో నిలబడి ఉన్నాను.

ఫిలిం దాటాక లోయ ఇరుకై, డెంగ్ దగ్గరి నుంచి మనుషుల ముఖాలూ, ఇళ్ళ కప్పులూ, పలకరింపులూ మారిపోయాయి. ఇక్కడి నుంచి నుబ్రీ ప్రాంతం. టిబెటన్ బౌద్ధుల నేల. దారి మధ్యలో మణి గోడలు మొదలయ్యాయి. పలకరాళ్ళ మీద “ఓం మణి పద్మే హూం” అని చెక్కి, వాటిని నడుము ఎత్తున, కొన్నిచోట్ల చాలా పొడవునా పేర్చిన గోడలవి. ప్రతి గోడ దగ్గరా దారి రెండుగా చీలి, గోడ దాటాక మళ్ళీ కలుస్తుంది. పైకి వెళ్ళేవారు ఒక పాయలో, కిందికి వచ్చేవారు మరో పాయలో నడుస్తారు, ఎవరికైనా గోడ కుడిచేతి వైపే ఉండాలి కాబట్టి. మొదటి గోడ దగ్గర నా స్నేహితుడు తెలియక దగ్గరి దారి పట్టబోతే మా గైడు మెత్తగా భుజం పట్టి ఇవతలికి తిప్పాడు. ఆ తరువాత మాకు చెప్పవలసిన పని రాలేదు. కొండను ఎడమవైపు పెట్టుకొని తిరుగుతున్నామన్న నా వెలితి ఆ గోడల దగ్గర కొంత తీరింది.

లో గ్రామంలో తెల్లవారుజామున మనస్లు మొదటిసారి నిండుగా కనిపించింది. ఊరి చివర గుట్ట మీద గొంపా, అంటే బౌద్ధ మఠం, దాని వెనక రెండు కొమ్ముల తెల్లని శిఖరం. 8,163 మీటర్లు, ప్రపంచంలో ఎనిమిదో ఎత్తైన పర్వతం. ‘మానస’ అనే సంస్కృత పదం నుంచే దానికి ఆ పేరు వచ్చిందని చెబుతారు. లేత గులాబీ వెలుగు పై కొమ్ము మీద పడి, కిందికి జారుతూ, గొంపా కప్పు దాకా రావడానికి అరగంట పట్టింది. మేమిద్దరమూ చేతుల్లో టీ చల్లారేదాకా కదలలేదు.

సామాగావ్‌లో రెండు రాత్రులు ఉన్నాము. ఈ ఊరి చరిత్ర తెలిసినవారికి ఆ శిఖరాన్ని ఊరికే చూసి పోవడం సాధ్యం కాదు. 1953లో ఒక జపాన్ బృందం ఇక్కడి నుంచి శిఖరం కోసం ప్రయత్నించి విఫలమై వెనుదిరిగింది. ఆ తరువాతి చలికాలంలో మంచుచరియ విరుచుకుపడి పుంగ్యెన్ గొంపా నేలమట్టమై పద్దెనిమిదిమంది చనిపోయారు. పుంగ్యెన్ అంటే ఆ పర్వతంలో ఉన్న దైవం. పరాయివాళ్ళు పైకి ఎక్కినందుకే ఆ దైవం ఆగ్రహించిందని ఊరివారు నమ్మారు. 1954లో జపాన్ బృందం మళ్ళీ వస్తే, దారికి అడ్డం నిలబడి అడుగు పెట్టనివ్వలేదు. బృందం గణేశ్ హిమాల్ వైపు మళ్ళవలసి వచ్చింది. చివరికి 1956 మే 9న తొషియో ఇమానిషి, గ్యాల్జెన్ నోర్బు షెర్పా శిఖరాన్ని చేరారు. పర్వతారోహణ చరిత్రలలో ఆ మే 9కి పెద్ద అక్షరాలు దక్కుతాయి. నాకు మాత్రం 1954లో నిలబడ్డ ఊరివారే ఎక్కువ గుర్తుండిపోయారు. తమవాళ్ళను పోగొట్టుకున్న దుఃఖంలో వారు చేసినది మూఢత్వమని తీసిపారేయడానికి నాకు మనసు ఒప్పలేదు.

ఇక్కడే నా తప్పు కూడా చెప్పాలి. 3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదనీ, మూడు నాలుగు రోజులకొకసారి ఒకే చోట రెండో రాత్రి ఆగాలనీ పర్వత వైద్యులు చెబుతారు. మా గైడు సామ్‌దోలో కూడా ఒక అదనపు రోజు వేశాడు. సెలవులు చాలవని బయలుదేరే ముందే దాన్ని కొట్టివేయించింది నేను. నా స్నేహితుడికి కాఠ్మాండూలోనే కాస్త జలుబు పట్టిందని తెలిసి కూడా నేను ఆ రోజును తిరిగి కలపలేదు.

సామ్‌దో చేరిన సాయంత్రం అతను అన్నం ముందు కూర్చొని ముద్ద ఎత్తలేకపోయాడు. ఇంటినుంచి తెచ్చిన కందిపొడి వాసన కూడా పడలేదు. తలనొప్పి అన్నాడు. రాత్రి రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. ఎత్తు మీద గాలిలో ప్రాణవాయువు పాలు తగ్గదు, గాలి ఒత్తిడే తగ్గుతుంది. ఒక్కొక్క శ్వాసకు అందేది తక్కువవుతుంది. దానికి సరిపడేలా ఊపిరి వేగం పెరగాలి, మూత్రపిండాలు రక్తంలోని క్షారాన్ని బయటికి పంపాలి, ఇదంతా జరగడానికి రోజులు కావాలి. మేము వైద్యుణ్ణి అడిగి వాడుతున్న డయామాక్స్ మాత్ర ఆ పనిని కొంత తొందర చేస్తుంది, అంతే. ఇవ్వవలసిన రోజును అది ఇవ్వలేదు. మా గైడు అర్ధరాత్రి లేచి వచ్చి, మడమకు బొటనవేలు ఆనిస్తూ నేలమీది గీత వెంట అతన్ని నడిపించి చూశాడు. అడుగు తడబడలేదు. మెదడు వాచిన లక్షణం కాదని ఊపిరి పీల్చుకున్నాము. అయినా గైడు తెల్లవారేదాకా అతని పక్కనే కూర్చొని, వెలుగు రాగానే కిందికి దిగుదామన్నాడు. అందులో చర్చకు తావివ్వలేదు. ఆ మనిషికి నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

అందరమూ సామాగావ్‌కు దిగాము. మధ్యాహ్నానికి వాంతులు ఆగాయి, సాయంత్రానికి కాస్త గంజి తాగాడు, కాని తలనొప్పి పూర్తిగా వదలలేదు. నొప్పి ఉండగా పైకి ఒక్క అడుగు కూడా వేయకూడదు. నేనూ ఆగిపోతానన్నాను. అతను గోడకు ఆనుకొని కూర్చొని, “నువ్వు వెళ్ళరా. నా వల్ల ఆగిపోయావంటే ఇద్దరికీ బాధే. నేను నామ్రుంగ్ దిగేసరికి మామూలైపోతాను” అన్నాడు. మరునాడు ఉదయం సహాయక గైడు అతని సంచి కూడా భుజాన వేసుకొని కిందికి, మా గైడూ పోర్టరూ నేనూ పైకి కదిలాము. మలుపు తిరిగేదాకా అతను చేయి ఎత్తే ఉంచాడు.

ధర్మశాలలో రాతి గదులు కొన్ని, గుడారాలు కొన్ని. నీళ్ళ సీసా స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకోకపోతే తెల్లవారేసరికి గడ్డకడుతుంది. నిద్రలో ఊపిరి ఉన్నట్టుండి ఆగి, మళ్ళీ పెద్దగా పట్టుకోవడంతో నాలుగైదుసార్లు ఉలిక్కిపడి లేచాను. ఈ ఎత్తులో అది చాలామందికి జరిగేదే. ఉదయం నాలుగింటికి హెడ్‌ల్యాంపు వెలుతురులో బయలుదేరాము. పొద్దెక్కితే కనుమ మీద గాలి లేస్తుంది కనుక అందరూ చీకటిలోనే కదులుతారు. ఎత్తు అంత నిటారుగా ఏమీ లేదు. హిమానీనదం తోసుకువచ్చిన రాళ్ళదిబ్బల మీద ఒకటి తరువాత ఒకటి దొంగ శిఖరాలు కనిపించి, ఇదే కనుమ అనిపించి, కాకుండా పోతాయి. పది అడుగులు, ఆగడం. మళ్ళీ పది అడుగులు. మా ముందు పోర్టరు నుదుటి మీదుగా నామ్లో పట్టీ వేసుకొని ఒకే తీరున నడుస్తూ పోయాడు. బయలుదేరేటప్పుడే ఇద్దరి సామానూ కలిపి 20 కిలోలు దాటకుండా చూశామన్నదొక్కటే ఆ వీపును చూస్తున్నప్పుడు నాకు మిగిలిన ఊరట. దయచేసి ఈ దారిన వెళ్ళేవారు బయలుదేరే ముందు పోర్టరు బూట్లూ, కోటూ, బీమా కాగితమూ తమ కళ్ళతో చూసుకోండి.

తొమ్మిది గంటలకు లార్క్యా లా చేరాము. రంగు జెండాల తోరణాలు గాలికి పటపటలాడుతున్నాయి. పడమట హిమ్లుంగ్, కాంగ్ గురు, దూరాన అన్నపూర్ణ 2. సముద్రమట్టం దగ్గరతో పోలిస్తే ఇక్కడ గాలి ఒత్తిడి సగానికి కొంచెం ఎక్కువ. మా గైడు తన జేబులోంచి మడిచిన ఒక చిన్న జెండా తీసి నా చేతికిచ్చి, “మీ దోస్త్ కోసం, దాయి” అన్నాడు. దాయి అంటే అన్న. దాన్ని కట్టేటప్పుడు వేళ్ళు చలికి ముడి వేయలేకపోతే అతనే వేశాడు.

దిగుడు మాత్రం ఎక్కుడుకంటే కష్టం. మొదటి గంట వదులు రాళ్ళ మీద, నీడపట్టున గట్టిపడ్డ మంచు మీద జారుతూ, మోకాళ్ళు వణుకుతూ గడిచింది. ఈ దారిని ఎదురుగా ఎక్కిరావడం ఎలా ఉంటుందో అక్కడ ఒళ్ళే చెప్పింది. బిమ్థాంగ్ పచ్చికబయలు చేరేసరికి ఎండ వాలింది. తరువాతి రెండు రోజులు దూధ్ ఖోలా పక్కన అడవిలో దిగుడు, ధారాపానీ, జీపు, కాఠ్మాండూ.

నా స్నేహితుడు హోటల్ మెట్ల మీద కూర్చొని ఎదురుచూస్తున్నాడు. నామ్రుంగ్‌లోనే తలనొప్పి పోయిందట. ఆ రాత్రి రెండుసార్లు పప్పన్నం అడిగి పెట్టించుకున్నాడట. జెండా కట్టిన ఫోటో చూపించాను. చాలాసేపు చూసి ఫోను తిరిగి ఇస్తూ, వచ్చిన దారినే దిగాడు కాబట్టి తనకు కొండ అంతదూరమూ కుడివైపే ఉందన్నాడు. మణి గోడలు కూడా అంతే. ఎక్కేటప్పుడు మేము చూడని రెండో పాయలో, చెక్కిన రాళ్ళను చేత్తో తాకుతూ వచ్చాడట.